నాయన మీటరు దీపాలు

మా నాయన పాట వినడు, చూస్తాడు. చెవులు పూర్తిగా పోయాక ఆయనకు మిగిలినవి ఆంప్లిఫైయరు ముందుభాగంలో ఉన్న రెండు మీటర్లే. గొంతు లేస్తే సూది కుడికి ఎగురుతుంది, పాట ఆగితే ఎడమకు వచ్చి పడుకుంటుంది. ఆ సూదుల ఊపు చూసి అది ఏ పాటో చెప్పేవాడు. అందులో సగం తప్పే. దిద్దినా వినపడదు గనక మేమెవరం దిద్దేవాళ్లం కాదు.

ఒక శనివారం అమ్మ ఫోను చేసింది. నేను విరుదునగర్‌లో ఉంటాను, మిక్సీలూ గ్రైండర్లూ బాగుచేసే కొట్టులో మోటార్లకు తీగ చుడతాను. అమ్మా నాయనా కోవిల్‌పట్టిలో, నేను పుట్టిన వీధిలోనే ఉంటారు.

"మీ నాయిన మీటర్లో లైట్లు పోయినాయి పాపా," అంది అమ్మ. "రెండూ పోయినాయి. సూది కనపడలేదంట. పెట్టె ముందర కూసోని సన్నబిడ్డ మాదిరి ఏడుస్తా ఉండాడు. రేపు బస్సెక్కి వొచ్చి సూసి పో."

"బాగు చేసేదానికి రావాల్నా, ఏడ్చేది సూసేదానికి రావాల్నా?"

"రెండిటికీ," అంది. ఆ గొంతులో సంతోషం ఉంది. అమ్మ సంతోషాన్ని దాచుకునే మనిషి కాదు.

మొగుడు ఏడుస్తుంటే సంతోషించే ఆడదాన్ని చూసి మీరు మూతి తిప్పుకోవచ్చు. తిప్పుకునే ముందు సంగతి వినండి.

నాయన మైకుసెట్టు మనిషి. కోవిల్‌పట్టి నుంచి ఎట్టయాపురం దాకా పెళ్లయినా, చెవులు కుట్టే పండగయినా, చావయినా ఆయన హారన్ స్పీకర్లే పలకాలి. కిరాయికి పోయే పెట్టెలు వేరే ఉండేవి. మీటర్లున్న ఈ ఆంప్లిఫైయరు మాత్రం ఇల్లు దాటేది కాదు. తూత్తుకుడి రేవులో ఓడపని చేసే ఒకతను విదేశం నుంచి తెచ్చిన పెట్టె అది. నాయన మా మిద్దె మీద ఇనుపకమ్మి పాతి, దానికి రెండు హారన్లు కట్టి, రోజూ పొద్దున్నే వీధికి పాటలు వేసేవాడు. పాటకూ పాటకూ మధ్య మైకు పట్టుకుని నీళ్లు ఏ వేళకు వస్తాయో, ఎవరి మేక తప్పిపోయిందో, ఎవరింట్లో చావో చెప్పేవాడు. మా వీధిలో అన్నీ తెలుగు ఇళ్లే, అందరూ అగ్గిపెట్టెల కంపెనీకో మిల్లుకో పోయేవాళ్లే. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాయన కూడా మైకులో తమిళమే మాట్లాడేవాడు. ఒక్కసారి తప్ప.

ఆ రోజు అమ్మోరి కొడై పండగ. మా మేనత్త వత్రాప్ నుంచి వచ్చింది. వచ్చిన మర్నాడు ఆమె గొలుసు కనపడలేదు. నాయన పొద్దుటినుంచే తాగి ఉన్నాడు. ఆడుతున్న పాటను ఆపి, మైకు అందుకుని, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే వీధి మొత్తానికి చెప్పాడు.

"నా పెండ్లాం దొంగ. నా సెల్లెలి గొలుసు తీసిండాది. దాన్ని ఎవురూ ఇంట్లోకి రానియ్యాకండి."

నేను అప్పటికి ఐదో క్లాసు. అమ్మ పక్కన కూర్చుని చింతపండులో గింజలు ఏరుతున్నాను. అమ్మ చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది. బయట రెండు హారన్లూ ఆ మాటను వీధి ఈ చివరినుంచి ఆ చివరికి మోసుకెళ్లడం ఇద్దరం విన్నాం. తరువాత పాట మళ్లీ మొదలైంది.

మా వీధిలో పెళ్లి జరిగితే సామానంతా ఒక గదిలో పెట్టి, ఏ పెళ్లికైనా అదే వీధి తాళం వేస్తారు. బియ్యం, బెల్లం, నూనె డబ్బాలు, కొబ్బరికాయలు, పెళ్లికూతురి చీరలతో సహా అన్నీ అందులోనే. తాళంచెవి ఒక్క ఆడమనిషి చేతికిస్తారు, పెళ్లి లేనప్పుడూ అది ఆమె దగ్గరే. ఆమె దాన్ని కొంగుకు ముడేసుకుని పెళ్లయ్యేదాకా ఆ గుమ్మం దగ్గరే కూర్చుంటుంది. పెళ్లికొడుకు తండ్రయినా సరే, ఒక కొబ్బరికాయ కావాలంటే వచ్చి ఆమెనే అడగాలి. రోజంతా అగ్గిపుల్లలు పెట్టెల్లో సర్దే ఆడదానికి అంతకు మించిన పదవి ఏముంటుంది? ఆ రోజుల్లో మా వీధిలో ఏ పెళ్లయినా ఆ తాళం మా అమ్మదే. ఆ కొడై తరువాత ఒక్కరూ ఇవ్వలేదు.

గొలుసు దొరికింది. మేనత్త ట్రంకుపెట్టెలోనే, పాత రవికె మడతలో. ఆ సంగతి అందరికీ తెలిసింది కూడా. తెలిస్తే ఏం? మా వీధికి ఒక కట్టు ఉంది. మైకులో అన్నదాన్ని మైకులోనే తియ్యాలి. పోయిందన్న మేక దొరికితే దొరికిందని మైకులో చెప్పాలి. చచ్చాడన్నవాడు బతికితే బతికాడని చెప్పాలి. అట్లా ఒకాయన బతికాడు కూడా, మైకులో చెప్పేదాకా ఆయనకు టీకొట్లో టీ పొయ్యలేదని ఇప్పటికీ నవ్వుకుంటారు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పెద్దలంటారు గానీ, మా వీధిలో నోరు జారినా తీసుకోవచ్చు. జారిన చోటే తీసుకోవాలి, అంతే.

అమ్మ తరువాత తాళం ఎదురింటి అత్తకు పోయింది. మంచి మనిషే. "నీ మొగుడు మైకులో ఒక్క మాట సెప్పనీ వదినా," అనేది అమ్మతో. "ఆ పొద్దే నా కొంగు ఇప్పి నీ కొంగుకు కడతా."

నాయన చెప్పలేదు. తాగి అన్నానని అందరికీ తెలుసు గదా, తెలిసినదాన్ని మళ్లీ చెప్పేదెందుకు అనేవాడు. అమ్మ అన్నం పెడుతూ అడిగేది, అన్నం పెట్టకుండా అడిగేది. ఒకసారి అమ్మోరి గుడిముందు అందరూ చూస్తుండగా ఆయన కాళ్లు పట్టుకుని అడిగింది. కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. నా పెళ్లిలో కూడా తాళం ఎదురింటి అత్త కొంగుకే ఉంది. సొంత కూతురి పెళ్లిలో తాంబూలానికి కొబ్బరికాయ కావాలని అమ్మ ఆమె ముందు నిలబడి చెయ్యి చాపింది. తాళి కట్టిన క్షణం నాకు సరిగ్గా గుర్తులేదు, ఆ చాపిన చెయ్యి మాత్రం గుర్తుంది. ఆ పూట మా నాయనను చంపాలనిపించింది.

తరువాత కొన్నేళ్లకు ఆయన చెవులు పోయాయి. బతుకంతా హారన్ల కింద నిలబడ్డ చెవులు. దేవుడున్నాడని అమ్మ అంది.

వినపడకపోయేసరికి నాయన సత్తువంతా వాల్యూం నాబ్ మీద చూపించాడు. పొద్దున్నే హారన్లు ఊళ పెట్టేవి. పిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తున్నారని వీధి మొత్తుకుంది. ఒక మధ్యాహ్నం ఆయన నిద్రపోతున్నప్పుడు అమ్మ మిద్దె ఎక్కి, కత్తిపీటతో వైర్లు కోసి, హారన్లు ఊడదీసి పాత ఇనుము బండికి వేసింది. నాయనకు మోకాళ్లు పోయి చాలాకాలమైంది, మిద్దె ఎక్కడు. మర్నాడు పొద్దున్నే పెట్టె ముందు కూర్చుని పాట వేశాడు. సూదులు ఎగిరాయి. ఆయనకు తృప్తి కలిగింది. వీధి నిశ్శబ్దంగా పళ్లు తోముకుంది.

మీటరు ఆడినంత మాత్రాన హారన్ పలికినట్టు కాదని నాకు నేర్పిందే ఆయన. పెట్టె లోపల పాట ఉంటే చాలు, సూది ఆడుతుంది, బయట స్పీకరు ఉన్నా లేకున్నా దానికి పట్టదు. చెవులు పోయాక ఆయన దాన్ని మరిచిపోయాడో, మరిచిపోవాలనుకున్నాడో తెలియదు. అనుమానం వచ్చినప్పుడల్లా వాకిట్లోకి వచ్చి టీకొట్టువైపు తిరిగి, "సత్తం ఎట్ల ఉండాది?" అని పాట చప్పుడు గురించి అరిచి అడిగేవాడు. టీకొట్టతను చెయ్యెత్తి బాగుందని ఊపేవాడు. నీళ్లబిందెతో పోయే ఆడవాళ్లూ ఊపేవాళ్లు. నేనూ ఊపాను, ఏమీ సిగ్గుపడలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే దాన్నెందుకు కొరుకుతున్నావని అడిగాడట. మా ఇంట్లో శంఖం ఊదేది చెవిటివాడే. రోజూ పొద్దున్నే మైకు పట్టుకుని నీళ్ల వేళలు, రేషన్ కబుర్లు, ఎవరికీ చేరని మాటలు వీధికి చెప్పేవాడు. అమ్మ చిన్న ఉల్లిపాయలు వొలుచుకుంటూ ఎదురుగా కూర్చుని చూసేది. ఒక్కోసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

అదీ సంగతి. ఇప్పుడు ఆ మీటర్ల దీపాలు పోయాయి.

ఆదివారం పొద్దున విరుదునగర్ బజారులో సన్న ఎల్ఈడీలు, డయోడ్లు కొనుక్కుని బస్సెక్కాను. నేను పోయేసరికి నాయన మూలగదిలో చాప మీద, పెట్టెకు ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చుని ఉన్నాడు. ఒక కంటికి శుక్లం. ఆ గదికి కిటికీ లేదు. దీపం లేని మీటరు ఆయనకు ఒక నల్లటి చదరం.

నన్ను చూసి చెయ్యి పట్టుకున్నాడు. "లైట్లు పోయినాయి అమ్మీ. ఏమీ కనపడలే. పాడుతా ఉండాదో లేదో తెలవలే."

వినపడని మనిషి గట్టిగా మాట్లాడతాడంటారు. ఆయన మాత్రం లోగొంతుతో, పక్కనున్నవాళ్లకే వినపడేట్టు మాట్లాడుతున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి నావైపు చూసి కళ్లెగరేసింది, చెప్పానా అన్నట్టు.

ప్లగ్గు తీశాను. స్విచ్చు ఆపినా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. నేను మూత విప్పి చెయ్యి పెట్టబోయేసరికి నాయన నా మణికట్టు మీద ఒక్కటి కొట్టి, మూలనున్న బల్బు హోల్డరు చూపించాడు. దాని తీగలు కెపాసిటర్లకు తాకించాను. బల్బు ఒక్క క్షణం వెలిగి ఆరింది, నిలిచిన కరెంటు దిగిపోయింది. తరువాత నాబ్‌లు లాగి, కింది మరలు విప్పి, ముందు రేకు ఊడదీశాను. మీటర్ల వెనక నల్లటి ప్లాస్టిక్ పెట్టె. అందులో ఫ్యూజులాంటి సన్న గాజుగొట్టాలు, రెండు చివరలా లోహపు టోపీలు. లోపలి తీగలు తెగిపోయి, గాజు లోపలివైపు మసిపట్టి ఉంది. వాటి వేడికి వెనక ప్లాస్టిక్ కూడా గోధుమరంగు తిరిగింది.

ఆ రకం బల్బులు ఇప్పుడు మా ప్రాంతంలో ఎక్కడా దొరకవు. వాటికి వచ్చే కరెంటు ఏసీ. ఎల్ఈడీని నేరుగా కడితే వెలుగు వణుకుతుంది. డయోడ్లు వేసి, కెపాసిటరు పెట్టి, రెసిస్టరుతో తగ్గించి, ఆ వణుకు లేకుండా చేశాను. అంతసేపూ నాయన నా భుజం మీదుగా వంగి చూస్తూనే ఉన్నాడు. ఆయన ఊపిరి నా మెడకు తగులుతోంది. నాకు చిరాకేసింది. మోచేత్తో వెనక్కి నెట్టాను. మళ్లీ వంగాడు.

మొదటిసారి వెలిగించి చూపించాను. తెల్లగా, చల్లగా వెలిగింది. నాయన మొహం ముడుచుకున్నాడు.

"ఇదేమి, పెద్దాస్పత్రిలో శవం రూము మాదిరి ఉండాది? ముందర పాలకోవా రంగు ఉండె."

అమ్మ గుమ్మం దగ్గరినుంచి, "శవానికి శవం రూము సాలు," అంది. ఆయనకు వినపడదు గదా.

అమ్మ దాచిపెట్టుకున్న పసుపు జిలటిన్ కాగితం ముక్క ఒకటి అడిగి తీసుకున్నాను. ఎందుకో తెలియదు, మారుమాట లేకుండా ఇచ్చింది. ఎల్ఈడీల ముందు దాన్ని రెండు మడతలు వేసి అతికించాను. ఈసారి మీటర్లు నిజంగానే శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా రంగులో వెలిగాయి. సన్నటి నల్ల అంకెలు, వాటి చివర ఎర్రగీత, పడుకుని ఉన్న రెండు సూదులు. నాయన కుడిచేతి వేలితో అద్దం మీద సూది ఉన్నచోట నెమ్మదిగా రాశాడు. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి. నాకు ఆయనంటే ఇష్టం లేదు, అయినా ఆ కళ్లు తుడవడానికి నా చెయ్యి లేచింది. అది నాకు కోపం తెప్పించింది.

"అమ్మోరికి మొక్కుకున్నా," అన్నాడు. "లైట్లు వొస్తే తీరుస్తా అని. ఇప్పుడే తీర్సాల. నిలవ పెట్టకూడదు."

కోడో మేకో అనుకున్నాను. అమ్మ కూడా అదే అనుకుని, "ఎవురు కొంటారు మేకను?" అని సణుగుతూ వంటింట్లోకి పోయింది.

నాయన మైకు తీసి, దుమ్ము తుడిచి, వైరు గుచ్చాడు. వేలితో తట్టాడు. రెండు సూదులూ గీతదాకా ఎగిరి పడ్డాయి. సంతోషంగా తలూపాడు. వీపు నిటారుగా పెట్టి, పెళ్లిపందిట్లో నిలబడ్డట్టు గొంతు సవరించుకున్నాడు.

"పెరియోర్గళే, తాయ్‌మార్గళే," పెద్దలారా, తల్లులారా అని మైకు తమిళంలో మొదలుపెట్టి, అక్కడ ఆగి, తెలుగులోకి దిగాడు. "నా పెండ్లాం దొంగ అని ఈ మైకులోనే సెప్పినా. అది అబద్దం. ఆమె ఏ వస్తువూ తీయలే. తప్పు నాది. తెలిసి తెలిసి ఇన్నేండ్లు నోరు మూసుకున్నా. ఇంక ఆమెకు తాళం ఇయ్యండి. నమస్కారం."

ప్రతి మాటకూ సూదులు లేచాయి, పడ్డాయి. ఆయన వాటినే చూస్తూ మాట్లాడాడు. వంటింట్లో గిన్నె కిందపడిన చప్పుడు వినిపించింది.

అమ్మ పిండి చేతులతోనే మా ఇద్దరినీ దాటి వీధిలోకి పరుగెత్తింది. నేను వెనకే పోయాను. వీధి మధ్యలో నిలబడి అటూ ఇటూ చూస్తోంది. తలుపుల్లోంచి ఆడవాళ్లు బయటికి వస్తారని చూస్తోంది. ఎవరూ రాలేదు. ఒక ఇంట్లో టీవీ ఆడుతోంది, ఎవరో స్కూటరు తన్నుతున్నారు. ఎదురింటి అత్త వాకిట్లో కూర్చుని కాకరకాయలు కోస్తోంది.

"విన్నావా?" అంది అమ్మ.

"ఏమి వదినా?"

అమ్మ మొహంలో రంగు పోయింది. కోసింది తనే. మాట ఇంత దూరమూ పోకుండా చేసింది తనే. అది అర్థమయ్యే క్షణంలో ఆమె మొహం చూడడం కంటే నాకు కళ్లు పోయినా బాగుండేది.

నేనే చెప్పాను. "ఆయన సెప్పేసినాడు అత్తా. మైకు పట్టుకోని సెప్పినాడు. నేను పక్కనే ఉండి విన్నా."

అత్త కత్తిపీట పక్కకు పెట్టింది. "నువ్వు బిడ్డవు. తల్లికి బిడ్డ సాచ్చి యాడన్నా సెల్లుతాదా అమ్మీ? వీది వినాల." నిజంగానే బాధపడుతూ అంది. వెంటనే లేచింది. "మా వాడి స్పీకరు ఉండాది. తీసకపోయి తగిలించు. ఇంకోతూరి సెప్పమను. నేను అందర్నీ పిలస్తా. నా తాళం గూడా తెస్తా."

ఆమె మాట నిలబెట్టుకుంది. నేను ఆ స్పీకరు మోసుకొచ్చి, పెట్టె వెనక తగిలించి, వాకిట్లో వీధివైపు తిప్పి పెట్టేసరికి, ఇంటింటి గుమ్మంలోనూ ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అత్త చేతిలో తాళంచెవి ఉంది. అమ్మ చేతులు కడుక్కుని, జుట్టు ముడేసుకుని, గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడింది. చిన్నపిల్లలా పెదాలు తడుపుకుంటోంది.

నాయన పాట వేసుకుని మీటర్లు చూస్తున్నాడు. పాట ఆపి, మైకు ఆయన చేతిలో పెట్టాను. ఇంకోసారి చెప్పమని సైగ చేశాను. ఆయన నా పెదాలు చూసి సగం అర్థం చేసుకుంటాడు.

"ఎందుకు? సెప్పినా గదా."

వైరు ఊడిపోయింది, వీధికి వినపడలేదు అని సైగ చేశాను. అబద్ధమే. అంతకంటే మేలైన అబద్ధం తోచలేదు.

ఆయన నవ్వి, మీటరు మీద వేలు పెట్టాడు. "సూది ఎగిరింది. నేను సూసినా. నువ్వు పెట్టిన లైట్లోనే సూసినా. మొక్కు ఒకతూరే తీరుస్తారు అమ్మీ, సుమ్మా సుమ్మా తీర్సరు."

నేను మళ్లీ అడిగాను. చేతులు జోడించాను. మైకు పక్కన పెట్టేసి మొహం తిప్పుకున్నాడు. బయట ఆడవాళ్లు గుసగుసలాడుతున్నారు. ఎవరో నవ్వారు కూడా.

ఆ నవ్వు అమ్మకు వినపడింది. గదిలోకి వచ్చి, నాయన జబ్బ పట్టుకుని లేపింది. ఆయన మోకాళ్లు సరిగా వంగవు. మెట్లమీదకు ఈడ్చుకుపోయింది. మెట్టు మెట్టుకూ ఆయన "అమ్మా" అని మూలిగాడు. ఆమె ఆగలేదు. నేను ఆపలేదు. మిద్దెమీద ఎండలో ఆయనను నిలబెట్టి, ఖాళీ ఇనుపకమ్మి చూపించింది. కోసిన వైరు ముక్కలు ఇంకా దానికి వేలాడుతున్నాయి. అమ్మ తన గుండెమీద తట్టుకుని, వేళ్లతో కత్తెరలాగా కోసి, పాత ఇనుము బండి తోసినట్టు చూపించింది. నేనే కోశాను. ఇప్పుడైనా చెప్పు, అన్నట్టు.

నాయన కమ్మిని చూశాడు. వైరు కొస పట్టుకుని చూశాడు. రాగి నల్లబడి పాచిపట్టింది. అది ఇవాళ తెగిన వైరు కాదని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పిట్టగోడ దగ్గరికి వచ్చి కిందకు చూశాడు. వీధి అంతా తలలెత్తి ఆయననే చూస్తోంది.

"ఎన్నాండ్లుగా?" అని అరిచాడు.

టీకొట్టతను అలవాటు కొద్దీ చెయ్యెత్తి బాగుందని ఊపాడు. ఊపాక గానీ అతనికి తెలియలేదు. చెయ్యి దించేసుకున్నాడు.

నాయన ఏడుస్తాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. రెండూ చెయ్యలేదు. అమ్మవైపు తిరిగాడు. అమ్మ రెండు చేతులూ జోడించి ఉంది. గుడిముందు ఆయన కాళ్లు పట్టుకున్ననాడు కూడా ఆమె మొహంలో అంత ఆశ లేదు.

"మొక్కు అమ్మోరిది," అన్నాడు లోగొంతుతో. "ఆమె విన్నాది. తీరిపొయ్యింది. వీది వినలేదు గదా? అట్లయితే వీదికి నేను ఏమీ సెప్పలా."

అమ్మ ఆయన చెయ్యి పట్టుకోబోయింది. విదిలించుకున్నాడు.

"నా నోరు కోసి పాత ఇనుముకు యేసినావు. ఇంక ఏ నోటితో సెప్పమంటావు?"

గోడ పట్టుకుని, వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టూ కూర్చుని దిగిపోయాడు. కింద గదిలో స్విచ్చు చప్పుడైంది. పాట మొదలైంది, వాకిట్లోని స్పీకరులోంచి, వీధి అంతటికీ. ఆయన ఇక మైకు ముట్టుకోలేదు. ఆ రోజూ, తరువాతా.

కింద గుమ్మాలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఎదురింటి అత్త కాసేపు నిలబడి, తాళంచెవి మళ్లీ కొంగుకు ముడేసుకుని లోపలికి పోయింది.

అమ్మ నా రెండు భుజాలూ పట్టుకుంది. "నువ్వు విన్నావు గదా పాపా? నన్ను దొంగ కాదు అన్నాడు. తాళం ఇయ్యండి అన్నాడు. నువ్వు విన్నావు గదా?"

విన్నాను అన్నాను. నేను వింటే ఎవరూ తాళం ఇవ్వరని ఆమెకు తెలుసు. అయినా, పాట అయిపోయేదాకా, ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంది.